కాన్సుల్ గారి కత్తి

రోమన్ యుద్ధాల కంప్యూటర్ ఆటలో కాన్సుల్ పదవి ఇచ్చిన సేనాని ఓడడని పటమట కుర్రకారంతా నమ్ముతారు. సాయంత్రం ఫైనల్ ఆడవలసిన మనవరాలూ అదే అంటోంది.

"ఒక్క పదవే మిగిలింది తాతయ్యా. సేనానికిచ్చేస్తా."

"గవర్నరుకిస్తే వాడి ఊళ్లో తిరుగుబాటు ఆగుతుందన్నావుగా?"

"ఆగుతుంది. కానీ యుద్ధం పోతే కప్పు పోయినట్టే. కాన్సుల్ అయితే ఓడడు!"

"ఓహో! కండువా కప్పగానే కత్తికి పదునొస్తుందా? రోమ్‌కెళ్లినా మనవాళ్లు మంత్రిగారి కారుకే దండం పెడతారు. ఇంతవరకూ ఎవరికిచ్చారమ్మా ఆ పదవి?"

"వరసగా గెలిచేవాళ్లకే."

"ఓడేవాడికి?"

"వాడికెవరిస్తారు?"

"అదీ మీ పరిశోధన! అదే యుద్ధం పదవితో పదిసార్లు, పదవి లేకుండా పదిసార్లు ఆడి చూడు."

మధ్యాహ్నం ఆమె కాగితంతో వచ్చింది.

"పదవి గవర్నరుకే ఇస్తున్నాను తాతయ్యా. సేనాని కాన్సుల్‌గా ఆరుసార్లు ఓడాడు. పదవి లేకుండానూ ఆరుసార్లే ఓడాడు."