ఏ తెర బాగుంది బాబాయ్?

టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ మిషన్లు అమ్మే, బాగుచేసే చిన్న కొట్టు. మధ్యాహ్నం రెండున్నర దాటింది. కౌంటరుకి ఇవతల కొట్టు నడిపే అమ్మాయి, అవతల స్కూలు బస్సు డ్రైవరు. బస్సు బయట ఆగి ఉంది. మూడుంబావుకి బడి వదులుతారు. అంతకు మించి నేను చెప్పేదేమీ లేదు, మిగతాది వాళ్ళ నోటే వినండి.

"మళ్ళీ అదే మాట. మిషన్‌లో ఏమీ లేదంటావు."

"లేదు బాబాయ్. మీరు రెండుసార్లు తెచ్చారు, రెండుసార్లూ విప్పి చూశా. దుమ్ము దులిపా, ఫ్యాన్ మార్చా. నిక్షేపంలా ఉంది."

"నిక్షేపంలా ఉంటే బొమ్మ మసగ్గా ఎందుకొస్తుంది? మూడేళ్ళ క్రితం ఇదే మిషన్ అద్దంలా చూపించేది. ఇప్పుడు కారు రేసు పెడితే రోడ్డంతా పొగమంచు. మా అమ్మాయి మలుపు మలుపుకీ నన్ను దాటేసి పోతోంది. పద్నాలుగేళ్ళ పిల్ల! ఇరవై రెండేళ్ళుగా స్టీరింగ్ పట్టినవాణ్ణి, దాని చేతిలో నేను ఓడిపోవడమేంటి?"

"మరి మీ అమ్మాయికి మసగ్గా లేదా?"

"దానికేం తెలుసు, చిన్నపిల్ల. అదంతా వదిలెయ్. ఏదో కొత్తది వచ్చిందటగా, ప్రో అంటున్నారు. అది ఇవ్వు. ఈ పాతది నువ్వు తీసుకో."

"తీసుకుంటా. కానీ ముందు ఒక మాట వినండి. కొత్తదంటే పూర్తిగా కొత్తదేం కాదు. అదే మిషన్‌కి మధ్యలో బలం పెంచి తెచ్చారు. బొమ్మ గీసే చిప్పు పెద్దది పెట్టారు. లెక్కలు చేసే చిప్పు దాదాపు పాతదే. ఆటలూ అవే."

"బొమ్మ తేటగా వస్తుందా, రాదా?"

"వస్తుంది. పాతదాంట్లో రెండింట్లో ఒకటి వదులుకోవాలి. బొమ్మ తేటగా కావాలంటే కదలిక కుంటుతుంది, సెకనుకి ముప్ఫై బొమ్మలే. కదలిక నున్నగా కావాలంటే అరవై బొమ్మలు వస్తాయి, తేట తగ్గుతుంది. కొత్తదాంట్లో రెండూ ఉంటాయి. అదీ చాలావరకే."

"ఇంకేం మరి!"

"ఇంకేమంటే, దాంట్లో డిస్కు పెట్టే చోటు లేదు. మీ దగ్గరున్న డిస్కులన్నీ అటకెక్కాల్సిందే. కరెంటు ఎక్కువ లాగుతుంది. పాత ఆటల్లో చాలావాటికి తేడానే ఉండదు, తయారుచేసినవాళ్ళు మళ్ళీ కూర్చుని దిద్దితే తప్ప. నిజం చెప్పాలంటే, సోఫాలో కూర్చుని చూసే సగం మందికి ఆ తేడా తెలీదు."

"ఏం కొట్టమ్మా నీది! సరుకు కొనొద్దని చెప్తావు."

"కొని తీసుకెళ్ళి, మళ్ళీ మసగ్గా ఉందని నా మీదికే వస్తారు కదా, అందుకు."

"రానులే. ఇచ్చెయ్. టైమవుతోంది, బడి వదిలేస్తారు."

"ఎంతమంది పిల్లలు?"

"నలభై ఒకరు. ఎందుకు?"

"ఊరికే అడిగా. ఐదు నిమిషాలు ఆగండి. ఆ గోడకి రెండు టీవీలున్నాయి చూడండి. ఒకదానికి పాతది, ఒకదానికి కొత్తది తగిలించా. ఒకే ఆట, ఒకే రోడ్డు. ఏది ఏదో నేను చెప్పను. ఏ తెర బాగుందో మీరే చెప్పండి, అదే పట్టుకెళ్ళండి."

"ఎడమది."

"అప్పుడేనా? సరిగ్గా చూడండి."

"చూశానమ్మా. ఎడమది. తళతళలాడుతోంది. కుడిది మరీ అన్యాయం."

"ఎడమది పాతది బాబాయ్."

"అయితే ఏం? నువ్వే అన్నావుగా, సగం మందికి తెలీదని."

"అన్నా. కానీ దాన్ని నేను కావాలని పాడుచేసి పెట్టా. తేట బాగా తగ్గించా. చెట్ల ఆకులన్నీ ముద్దలు ముద్దలుగా కనబడాలి. కనబడ్డం లేదా?"

"ఆకులు ఎవరిక్కావాలి? నేను డ్రైవర్ని. రోడ్డు చూస్తా."

"సరే, రోడ్డే చూడండి. పైన మూలన ఒక అంకె ఉంది, మలుపు ఎంత దూరముందో చెప్పేది. ఎంతుంది?"

"దూరం అంకె చూసి నడిపేవాడు డ్రైవరా?"

"చదవండి బాబాయ్, ఒక్కసారి."

"అవసరం లేదంటున్నా కదా! పరీక్ష పెడుతున్నావా నాకు?"

"లేదులెండి. ఇదిగో కంట్రోలర్. కుడి టీవీ, కొత్త మిషన్, అన్నీ పైస్థాయిలో పెట్టా. ఇంతకంటే తేటగా చూపించే కొట్టు ఇక్కడెక్కడా లేదు. మీరే నడపండి."

"తే ఇటు. నడపడమంటే ఏంటో చూద్దువుగాని."

"మెల్లగా. మలుపు."

"తెలుస్తోంది."

"బాబాయ్, ముందర..."

"తెలుస్తోందన్నానా! మధ్యలో నస పెడితే... అరె! ఏంటిది? ఎక్కణ్ణుంచి ఊడిపడింది ఈ లారీ?"

"ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు. మొదట్నుంచీ అక్కడే ఆగి ఉంది."

"లేదు. ఉన్నట్టుండి వచ్చింది. నీ మిషన్ ఆలస్యంగా చూపించింది."

"నాలుగు లైట్లూ వేసుకుని ఆగి ఉంది బాబాయ్."

"ఆ లైట్లే! అదే నేను మొత్తుకునేది. లైటు చుట్టూ ఇంతింత గుండ్రాలు చూపిస్తుంటే వాటి వెనకాల లారీ ఎక్కడ కనబడి చస్తుంది? మా ఇంట్లోనూ ఇదే గోల. ఆ గుండ్రాలు తీసేసే సెట్టింగు ఏదో ఉంటుంది, అది చూడు."

"ఏ గుండ్రాలు?"

"అవిగో. రంగు రంగులుగా."

"రెండు టీవీల్లోనూ ఉన్నాయా?"

"రెంట్లోనూ."

"మరి పైన ట్యూబులైటు చుట్టూ?"

"నీ కొట్లో ట్యూబులైటు కూడా మంచిది కాదు."

"కాసేపు కూర్చోండి బాబాయ్."

"కూర్చోడానికి టైము లేదు. నీ బేరం వద్దు, నువ్వూ వద్దు. పొద్దున్నుంచి రెండు కొట్లు తిరిగొచ్చా, మూడోది నీది, నాలుగోది ఉండకపోదు. నా బస్సు తాళాలేవి? ఇక్కడే పెట్టా."

"నా దగ్గరున్నాయి."

"ఇటివ్వు."

"ఇవ్వను."

"ఏమన్నావ్?"

"ఇవ్వనన్నా. మీ కళ్ళ ముందే తీసుకున్నా. మీరు చూడలేదు."

"ఏయ్, ఆడపిల్లవని ఊరుకుంటున్నా. తాళాలు దొంగతనం చేస్తావా? అరిచానంటే నలుగురూ వస్తారు."

"రానివ్వండి. నలుగురికీ చెప్తా."

"ఏం చెప్తావ్? ఆటలో లారీని గుద్దాడనా? నవ్విపోతారు."

"బయట ఆగి ఉన్నది ఆట కాదు బాబాయ్."

"ఇరవై రెండేళ్ళు! నా బండికి ఒక్క గీత పడలేదు. పోయినేడే లైసెన్సు మళ్ళీ రాసిచ్చారు. కళ్ళు చూసే ఇచ్చారు."

"పోయినేడు ఇచ్చారు. ఇవాళ చూపిస్తే ఇస్తారా? మా నాన్నకీ ఇలాగే అయింది. దీపాల చుట్టూ గుండ్రాలు, పట్టపగలు కూడా పొగ. కంట్లో పొర అన్నారు. చిన్న ఆపరేషను. వారం తిరక్కుండా కూర్చుని పేపరు చదివాడు."

"మా నాన్నకీ పొరే అన్నారు."

"మరి?"

"పొరే, పొరే అంటుండగానే మొత్తం పోయింది. చచ్చేదాకా గోడ పట్టుకుని నడిచాడు. బయటికి పోవాలంటే నేను చెయ్యి పట్టుకుని తిప్పేవాణ్ణి. ఆ మాట నాకు చెప్పకు."

"భయమేస్తోందా బాబాయ్?"

"వెయ్యదా? నువ్వు చెప్పు, వెయ్యదా?"

"వేస్తుంది. అందుకే ముందుగా చూపించుకోవాలి."

"చూపించుకుంటే ఏమవుతుంది? పేరు రాసుకుంటారు. బడికి తెలుస్తుంది. తెల్లారేసరికి ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు. నేను బాగుపడి వచ్చేదాకా సీటు తుడిచి పెడతారా ఎవరన్నా? యాభై మూడేళ్ళవాడికి ఇంకో స్టీరింగ్ ఎవడిస్తాడు? నాకు ఇంకే పనొచ్చని?"

"అది నాకు తెలీదు. ఇస్తారని అబద్ధం చెప్పలేను."

"మిషన్ పాడైందని ఒక్క మాట అనుంటే నీ సొమ్మేం పోయేది? కొత్తది పట్టుకుని నా మానాన నేను పోయేవాణ్ణి."

"పోయి బస్సెక్కేవారు. నలభై ఒకరు బాబాయ్!"

"వాళ్ళంతా నా పిల్లలే. ఆ సంగతి నువ్వు చెప్పాలా నాకు? ఆ రోడ్డు నాకు కంఠతా. ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ మలుపుంది, కళ్ళు మూసుకుని నడుపుతా."

"అలాగే నడుపుతున్నారు కదా. నేను బడికి ఫోన్ చేస్తున్నా. నంబరు బస్సు మీదే రాసి ఉంది."

"వద్దమ్మాయ్! వద్దు తల్లీ, ఆగు. ఆ ఫోను చేశావంటే నా పని అయిపోయినట్టే. నా మాట విను. ఇవాళ ఒక్కరోజుకి ఇవ్వు. మూడుంబావుకి పిల్లలు ఎండలో గేటు దగ్గర నిలబడతారు. వాళ్ళని దింపేసి, రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోతా. నా కూతురి మీద ఒట్టు."

"నిజంగా వెళ్తారా?"

"ఒట్టేశానమ్మా."

"నేను కూడా వస్తా. కొట్టు కట్టేసి వస్తా."

"రా. నువ్వే తీసుకెళ్ళు. తాళాలు ఇవ్వు."

"మెల్లగా నడపాలి. పక్కన ఎవర్నన్నా కూర్చోబెట్టుకోవాలి."

"కూర్చోబెట్టుకుంటా. నువ్వెలా అంటే అలా. ఇంక ఇవ్వు... ఆ గాజుల చప్పుడు మా ఆవిడది. ఆవిడకి మాత్రం చెప్పకు. నీకు దణ్ణం పెడతా."

ఇదొక్కటి మాత్రం నేనే చెప్పాలి: లోపలికి వచ్చినావిడ డ్రైవరు భార్య. అదే బస్సులో పిల్లల్ని ఎక్కించి దింపే ఆయమ్మ కూడా ఆవిడే.

"ఏమయ్యా, మిషన్ కొంటున్నావా, మిషన్‌కి పెళ్ళి చేస్తున్నావా? మూడు కావొస్తోంది."

"వస్తున్నా, వస్తున్నా. ఈ అమ్మాయి తాళాలిస్తే..."

"బస్సు తాళాలు ఈ అమ్మాయి దగ్గరెందుకున్నాయి?"

"ఇక్కడ మర్చిపోతారేమోనని తీసిపెట్టా పిన్నీ. బస్సులో మీరెక్కడ కూర్చుంటారు? బాబాయి పక్కనేనా?"

"అంత యోగం కూడానా! వెనక తలుపు దగ్గర, చంటిపిల్లల మధ్య. ముందు సీట్లన్నీ పెద్దపిల్లలు ఆక్రమించేశారు. వాటికోసం రోజూ జుట్లు పట్టుకుంటారు."

"ముందు సీట్లకి అంత గిరాకీ ఏంటి?"

"ఇప్పుడవన్నీ ఎందుకే? పద."

"చెప్పనీవయ్యా, సరదాగా అడుగుతోంది పిల్ల. ఈయన బస్సులో ఒక ఆట పెట్టాడమ్మా. సిగ్నలు దగ్గరికి రాగానే ఎర్రదో పచ్చదో ఎవరు ముందు అరిస్తే వాళ్ళకో చాక్లెట్టు. ముందు కూర్చున్నవాళ్ళకే కదా ముందు కనబడేది, అందుకని ఆ సీట్ల కోసం తన్నుకుంటారు. మనిషి అడ్డొచ్చినా, బండి అడ్డొచ్చినా అరవాలి. దానికి రెండు చాక్లెట్లు. బస్సంతా ఒకటే గోల! పిల్లలంటే అంత ప్రాణం ఈయనకి."

"ఎన్నాళ్ళుగా పిన్నీ, ఈ ఆట?"

"ఆర్నెల్లయిందేమో."

"పద అంటున్నానా!"

"ఉండవయ్యా, నిన్నటిది చెప్పనీ. నిన్న ఒక గడుగ్గాయి పిల్ల, ఎదురుగా ఎర్ర లైటు పెట్టుకుని 'పచ్చ, పచ్చ' అని అరిచింది. తమాషాకి. ఈయన దాన్ని మించిన తమాషా మనిషి, నిజంగానే బండి ముందుకి దూకించాడు! అడ్డంగా వచ్చే కారువాడు సర్రున తిప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది. నేను వెనక నుంచి కేకపెట్టా. ఇదేం సరసమయ్యా అంటే, అబద్ధమాడితే ఏమవుతుందో ఆ పిల్లకి తెలియాలని అలా చేశా అన్నాడు. ఏంటమ్మా అలా బిగుసుకుపోయావు? ఎవరికీ ఏమీ కాలేదులే. పదవయ్యా. పిల్లలు గేటు దగ్గరికి వచ్చేస్తారు. ఆ తాళాలు ఆయనకిచ్చెయ్యమ్మా."

"బాబాయ్..."

"ఇవ్వకమ్మాయ్. బడికి ఫోన్ చెయ్యి. ఇంకో డ్రైవర్ని పంపమని నేనే మాట్లాడతా."

"ఇంకో డ్రైవరెందుకయ్యా? నీకేమొచ్చింది?"

"నిన్న నేను తమాషా చెయ్యలేదే. నాకా లైటు కనబడలేదు."