ముందే రాసిపెట్టిన ఉదయాలు

పాల గదిలో బావ క్యాన్లు కడుగుతున్నాడు. మరదలు ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆ నీళ్లు కట్టెయ్ బావా. నా మాట వినబడాలి."

"వినబడుతోందిలే. చెప్పు."

"ఇవాళ పొద్దున బ్లాగులో మళ్లీ అక్క పోస్టు వచ్చింది. మా చిన్నప్పుడు అమ్మ దూడ కోసం వాగులో దిగిన కథ. కింద ఒకావిడ 'ఆరోగ్యం జాగ్రత్త తల్లీ' అని రాసింది. అక్క పోయి నెల దాటింది బావా!"

"కోతలప్పుడు తీరిక ఉండదని ముందే రాసి, ఏ రోజుది ఆ రోజు దానంతటదే వచ్చేలా తేదీలు పెట్టుకుంది. నేను దాణా ముందే కొనిపెట్టుకోనూ?"

"దాణానీ దీన్నీ ఒకటి చేయకు. లోపల ఇంకా చాలా ఉన్నాయి. పాస్‌వర్డ్ నా దగ్గరుంది. నువ్వు ఊఁ అంటే అన్నీ తీసేస్తా. అక్క ఇక లేదని రెండు ముక్కలు రాసి మూసేస్తా."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"ఎర్రావు పాలు తగ్గించింది. డాక్టర్ని పిలవాలి."

"బావా, నిన్నే."

"ఆ బ్లాగు చూసే జనం మన వెన్న అడుగుతారు. మూసేస్తే బేరం పోతుంది."

"ఛీ! అక్కని అడ్డం పెట్టుకుని బేరమా? కంట తడి కూడా పెట్టలేదు నువ్వు. అందరూ అంటుంటే, బావ తీరే అంత అని నేనే సర్దిచెప్పా."

"అంతే మరి."

"వెన్న గది చూసే వచ్చా. మిషను మీద వేలు పెడితే దుమ్ము. అక్క పోయాక ఒక్క డబ్బా నింపలేదు. ఏం బేరం?"

"చూశావా."

"చూశా. నిజం చెప్పు."

"ఆ బ్లాగు చదువుతున్నా."

"ఎవరు, నువ్వా? పెళ్లయిన కొత్తలో అక్క రాసిన ఉత్తరాన్ని సగంలో మడిచేసిన మనిషివి!"

"ఇప్పుడు చదువుతున్నా. మొదట్నుంచీ. సాయంత్రం పాలు పిండాక మేమిద్దరం పాకలో నిలబడి ప్రార్థన చేసుకుంటామని రాస్తుంది చూడు..."

"తెలీకేం? నాకదే ఇష్టం. మా ఆయనకి చదివి వినిపిస్తా కూడా, బావని చూసి నేర్చుకో అని."

"నేనెప్పుడూ నిలబడలేదు."

"ఏంటి?"

"ఒక్కనాడూ. పిలిచేది. పాల బండి వచ్చే వేళ, నీ దేవుడితో నువ్వే మాట్లాడుకో అనేవాణ్ణి. తనొక్కతే చేసుకునేది."

"అయితే... అక్క అబద్ధం రాసిందా?"

"అబద్ధం అనకు. వస్తుందన్న సరుకుని ముందే జమ రాసుకుంటాం చూడు, అలా రాసుకుంది. ఎగ్గొట్టింది నేను."

"ఇటు రా బావా. కాసేపు కూర్చో."

"కూర్చుంటే లేవలేను. రేపు వచ్చేది ఇప్పుడు చూడొచ్చా?"

"ఆఁ... ఇదిగో. 'నిన్న సాయంత్రం ప్రార్థనలో నాకంటే ముందు ఆయనే గొంతెత్తారు' అని మొదలుపెట్టింది."

"నిన్న సాయంత్రమంటే..."

"ఇది రేపు కదా వచ్చేది. అప్పటికి నిన్నంటే ఇవాళే."

"ఇంకా చీకటి పడలేదుగా. పాకలోకి రా. ఆ ప్రార్థన ఏ మాటతో మొదలవుతుందో చెప్పు."