ధనశ్రీ చేతికి నల్ల రిబ్బన్

ధనశ్రీ నోరు విప్పిందంటే దారిన పోయే సైకిళ్ళు కూడా స్టాండు వేసుకొని వింటాయని రాయచూరు ఆడపిల్లల హైస్కూల్లో పేరు. ఆ రోజు మాత్రం ఆమె ఊరికే మాట్లాడటం లేదు, ఓట్లు అడుగుతోంది. లంచ్ అయిపోగానే పదో తరగతిలో చేతులెత్తించి ఫస్ట్ ఎయిడ్ క్లబ్బుకు లీడర్‌ను ఎన్నుకుంటారు. గెలిచినామె మెడలో క్లబ్బు చూసే ఇందుమతి మిస్ విజిల్ వేస్తుంది. ఆ విజిల్ కోసం నిలబడింది ఇద్దరే. ఒకామె ధనశ్రీ, ఇంకొకామె అక్షత.

అక్షత డిబేటులో జిల్లా దాకా వెళ్ళొచ్చిన పిల్ల. విజిల్ మీద రెండేళ్ళుగా కన్ను. కానీ ఇప్పుడు చెప్పుకోవడానికి చేతిలో ఏమీ లేదు. మే నెలలో యుద్ధం వచ్చి, బాంబులు పడితే ఏం చేయాలో రాయచూర్లో సైరన్ వేసి మరీ రిహార్సల్ చేయించిన రోజున ఆమె కల్మలలో అమ్మమ్మ ఇంట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. క్లాసంతా అంతే, సెలవులకు ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. ఊళ్ళో ఉండి వాలంటీర్లుగా వెళ్ళింది ధనశ్రీ, నేత్ర, పాసై వెళ్ళిపోయిన కొందరు అక్కలు.

ఆ నేత్ర ఇప్పుడు స్కూలు గేటు ముందు, మరమరాలు కలిపి మండక్కి అమ్మే జయాబాయి బండి దగ్గర ధనశ్రీ పక్కనే నిలబడి ఉంది. ఆమె చేతిలో ప్లేటు నిండా మిర్చి బజ్జీలు. ఇప్పించింది ధనశ్రీ. వీళ్ళకింత దోస్తీ ఎప్పుడు కుదిరిందో అక్షతకు అంతుపట్టలేదు.

"నేనేం పెద్దగ చెయ్యలేదే," అంది ధనశ్రీ, మణికట్టుకు కట్టుకొచ్చిన నల్ల రిబ్బన్ అందరికీ కనపడేలా జుట్టు సర్దుకుంటూ. "సైరన్ మోగింది. ఒక ముసలమ్మకు భయమైంది. చెయ్యి పట్టుకపోయి బెంచి కింద కూసోబెట్టిన. గంతే."

"గంతేనా?" అంది సౌభాగ్యలక్ష్మి నిరాశగా.

"గంతే అయితే నాకీ రిబ్బనెందుకిస్తరే, వినరాదు? ముసలమ్మను కూసోబెట్టిన్నో లేదో సైరన్ బందైంది. కరెంటు పాయె. మన ఊరి సంగతి ఎరికే గద, కరెంటు పక్కనే తయారు చేస్తరు, మనింట్లనే ఉండదు. సార్లందరు పరేషాన్. ఇగ నేనే గ్రౌండు నడిమిట్ల నిలబడి నోటితోని కూసిన. ఎట్ల కూసిన్నంటే మానవి దాకా కుక్కలన్ని మంచాల కింద దూరినయి, పోతనాళ బర్రెలు చెరువుల మునిగి ముక్కు గూడ బైట పెట్టలే!"

నేత్ర ఏదో అనబోయి నోరు తెరిచింది. తెరిచిన నోట్లో ధనశ్రీ ఒక మిర్చి పెట్టేసింది.

"తినవే, సల్లారుతది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"ఏమైందే?"

"దెబ్బలు తగిలినోళ్ళు రానీకి షురూ!"

"రిహార్సల్ గదనే," అని అడ్డం పడింది అక్షత, "దెబ్బలెట్ల తగిలినయి?"

"రిహార్సల్ల తగిలిన దెబ్బలే ఎక్కువ గుంజుతయి. అసలు యుద్ధమైతే ముందుగాలనే తయారుంటరు."

పిల్లలు పకపకా నవ్వారు. డిబేటులో ఇలాంటి జవాబు అక్షతకెవరూ నేర్పలేదు.

"ఇద్దరిని భుజాల మీద ఏసుకొని, ఒకామెను జడతోని వీపుకు కట్టుకొని ఉరికిన. కట్లు కట్టనీకి బట్ట ఖతం. చూస్తే ఎదురుంగ చీర..."

"నా చీరనా?" జయాబాయి గరిట ఆపింది.

"నీది కాదు జయక్కా, నీ అసుంటి ఆమెది. కొస పట్టుకొని గ్రౌండంత ఒక సుట్టు తిరిగిన, అందరికి కలిపి ఒకటే కట్టు! ఒకరు దగ్గితే అందరు ఊగుతుండ్రి. ఊపిరి తీస్కోనీకి గూడ నాకు పర్మిషన్ లేకుండె. అప్పుడు పైన జుయ్‌మని సప్పుడు. డ్రోన్! శత్రువులది!"

"ఇంత దూరమొచ్చిందా?"

"తొవ్వ తప్పింది, పాపం. నేనేం జేసిన? టిఫిన్ డబ్బ మూత తీసి, మన మే నెల ఎండను పట్టి దాని మొఖాన కొట్టిన. వడదెబ్బ తగిలి కాళ్ళ కాడ పడె. మనది ఏం క్లబ్బు? ఫస్ట్ ఎయిడ్ క్లబ్బు. శత్రువైతే మాత్రం వదిలేస్తమా? నీడకు గుంజిన, తడిబట్ట ఏసిన, గ్లూకోజ్ నీళ్ళు పోసిన. కండ్లు తెరిచి, రెక్కలు రెండు జోడించి, 'అక్కా, ఇగ మీ ఊరి దిక్కు రాను' అని ఎగిరిపాయె. పోయి ఆడ ఏం చెప్పిందో ఏమో, యుద్ధం బంద్! ఎవరి వల్ల బందైందో నేను చెప్పను. నాకు చెప్పుకునుడు అలవాటు లేదు."

నేత్ర మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ మిర్చి పడింది.

చప్పట్లు మోగాయి. ఇదంతా కోతలేనని అందరికీ తెలుసు. కానీ డ్రోనుకు గ్లూకోజ్ పోసిన పిల్ల ఉండగా తొడిమలు తీసిన పిల్లకు ఓటెవరేస్తారు? విజిల్ జారిపోతోందని అక్షతకు తెలిసిపోయింది.

"సాక్ష్యమేంది?" అని గట్టిగా అడిగింది.

"ఇదిగో!" ధనశ్రీ చెయ్యి పైకెత్తింది. "మిగతోళ్ళకు ఎర్రయి, పచ్చయి కట్టిండ్రు. గ్రౌండు మొత్తంల నల్లది నా ఒక్కదానికే! కట్టినంక తెల్ల శాలువ కప్పిండ్రు. నలుగురు మోసుకుంట తిప్పిండ్రు. ఇందుమతి మిస్ గూడ నా ముందర తల వంచింది. నీ డిబేటుల నీకెప్పుడన్న ఇంత మర్యాద చేసిండ్రా?"

ఈ మాటల్లో అక్షతకు కోత వినపడలేదు. ఇది జరిగిందే. ఓడిపోయాననుకుంది. తర్వాత మెల్లగా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది. తెల్లబట్ట. మోసేవాళ్ళు నలుగురు. వంచిన తల. ఊపిరి తీసుకోవడానికి పర్మిషన్ లేకపోవడం.

నేత్ర వైపు తిరిగింది. నేత్రకు కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా కారం. అక్షత తన వాటర్ బాటిల్ మూత తీసి అందించింది. ధనశ్రీ ఇంకో మిర్చి అందుకునేలోపు నేత్ర గటగటా తాగేసింది.

"ఆ రిబ్బన్ కట్టింది నేనే," అంది రొప్పుతూ. "దెబ్బ ఎక్కువుంటే ఎర్రది, తక్కువుంటే పచ్చది. నల్లది చచ్చిపోయినోళ్ళకు. ఆ రోజు ధనశ్రీ శవం! శవమైతెనన్న నోరు మూస్తదని మిస్సే పండుకోబెట్టింది. అయినా మూసిందా? డాక్టరొచ్చి చెయ్యి పట్టంగనే లేచి, 'సార్, నేను చచ్చిపోయిన, పక్కనున్నామెను చూడుపోండి' అనె. ఆ తర్వాత నిజంగనే నిద్రపోయి గురక పెట్టింది. మిస్ తల వంచింది ఆ గురక ఎవరిదా అని విననీకి!"

ఇక చూడాలి నవ్వులు! సౌభాగ్యలక్ష్మి బండి చక్రం పట్టుకొని కింద కూలబడింది. జయాబాయి చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ అంది: "మా వాడల చచ్చినోళ్ళు ఓటేసుడు చూసిన గానీ బిడ్డా, చచ్చినోళ్ళు ఎలక్షన్ల నిలబడుడు ఇప్పుడే చూస్తున్న!"

బెల్లు కొట్టారు.

క్లాసులో ఇందుమతి మిస్ విజిల్ బల్ల మీద పెట్టి, "అక్షతకు ఎవరెవరు?" అంది. గదంతా చేతులు లేచాయి. చివరగా అక్షత పక్కనే ఇంకో చెయ్యి లేచింది, మణికట్టుకు నల్ల రిబ్బనుతో.

"నువ్వెందుకే లేపినవ్?" అని గుసగుసగా అడిగింది అక్షత.

"చచ్చినోళ్ళు ఓటేస్తరని జయక్కే అనె గద," అంది ధనశ్రీ.