మూడు పిలుపుల మగ్దలీనమ్మ గారు

1997 నవంబరు 17, సోమవారం ఉదయం గూడూరు డిపోలో కండక్టరుగా విధుల్లో చేరిన శ్రీమతి మగ్దలీనమ్మ గారు, ఇరవై ఎనిమిది సంవత్సరాల రెండు నెలల పద్నాలుగు రోజుల నిరంతర సేవానంతరం, ఈ 2026 జనవరి 31న మన ఉప్పురేవు డిపో నుంచి పదవీ విరమణ చేస్తున్నారు. రోజుల లెక్క కంప్యూటర్ కట్టింది కనుక తప్పు ఉండదు. కంప్యూటర్ చేసిన తప్పు సంగతి ముందు ముందు వస్తుంది.

ఈ అభినందన వ్యాసం రాసే అర్హత నాకు లేదని మొదటే మనవి చేసుకుంటున్నాను. ఆవిడతో ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసినవారు ఈ డిపోలో ఉన్నారు. నేను మూడేళ్ళ కిందట కంప్యూటర్ విభాగంలో చేరినదాన్ని. అయినా సావనీరు కమిటీ పెద్దలు "నీ మిషను వల్లనే గదా ఆమె ఈడ్నించి పొయ్యింది, నువ్వే రాయి" అని ఏకగ్రీవంగా నిర్ణయించారు. ఆ నిర్ణయం న్యాయమైనదే.

గూడూరులో ఆవిడ సేవ ఏడేళ్ళు. నిమ్మకాయల బస్తాల నడుమ నిలబడి టికెట్లు కొట్టిన ఆ రోజుల గురించి మగ్దలీనమ్మ గారు ఎక్కువగా చెప్పరు. మహిళా కండక్టర్లు అరుదుగా ఉన్న ఆ కాలంలో, ఆవిడను ఎదురుగా చూస్తూనే ప్రయాణికులు "కండక్టరు ఇంకా రాలేదే" అనుకునేవారట. "ఖాకీ బట్టలు చూసి పోలీసమ్మనుకోని ఒకాయన లేచి సీటిచ్చినాడు మే. నేను టికెట్టడిగేతలికి మళ్ళా కూర్చున్నాడు" అని మాత్రం ఒకసారి నవ్వుతూ చెప్పారు.

2004లో, భర్త సమాధానం గారి టైలరింగ్ షాపు ఉన్న ఉప్పురేవుకు బదిలీపై వచ్చారు. మరో ఏడేళ్ళు శంఖంపాళెం రూటులో చేపల బుట్టలు, తడి వలలు, పెళ్ళి బృందాలు, పరీక్షలకు వెళ్ళే పిల్లలు అందరినీ ఒకే బస్సులో, దాదాపుగా ఒకే సీటులో, గమ్యానికి చేర్చారు. 2011లో పదోన్నతి పొంది బస్టాండు కంట్రోలరుగా ప్రకటనల గదిలో మైకు ముందు కూర్చున్నారు.

అప్పట్లో మన బస్టాండులో బస్సు ఎక్కడం ఎలా ఉండేదో కొత్తగా చేరినవారికి తెలియదు. బండి ప్లాట్‌ఫారం మీద ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు, సంచులు, ఒక్కోసారి చంటిపిల్లలు కూడా లోపలికి వెళ్ళి సీట్లు పట్టుకునేవారట. ఆ తోపులాటలో ఒకనాడు ఒక వృద్ధురాలు మెట్టు మీది నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. మరునాటి నుంచి మగ్దలీనమ్మ గారు ప్రతి బస్సుకూ మూడుసార్లు పిలవడం మొదలుపెట్టారు. మొదటి పిలుపు బండి గ్యారేజీ నుంచి బయలుదేరిందని, సామాన్లు సర్దుకోమని. రెండో పిలుపు వృద్ధులకు, రోగులకు, చంటిబిడ్డల తల్లులకు. మూడోది మిగిలిన అందరికీ. ఏ సర్క్యులర్‌లోనూ లేని ఈ పద్ధతిని అమలు చేయడానికి ఆవిడ చేతిలో ఉన్నది మైకు ఒక్కటే. తొందరపడి లేచినవారిని చొక్కా రంగుతో సహా గుర్తించేవారు.

"ఓ పచ్చచొక్కా అబ్బయా, నువ్వేమన్నా బాలింతవా? కాదు గదా. కూర్చో."

ఏడాది తిరిగేలోగా ఊరు ఊరంతా కూర్చోవడం నేర్చుకుంది. ఆ తరువాత పదమూడేళ్ళలో మన బస్టాండులో మెట్టు మీది నుంచి పడినవారు లేరు.

2024 డిసెంబరులో పైనుంచి ఒక యంత్రం వచ్చింది. బస్సు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా తెలుసుకుని తనంతట తానే ప్రకటన చేస్తుంది. దాన్ని అమర్చే బాధ్యత నాకు అప్పగించారు. నెల రోజుల పాటు పరీక్ష. సంతృప్తికరంగా పనిచేస్తే మైకు గది మూసివేత, కంట్రోలరు పోస్టు కోవూరు బస్టాండుకు తరలింపు. పదవీ విరమణకు ఏడాది చిల్లర మాత్రమే మిగిలిన మగ్దలీనమ్మ గారికి దాని అర్థం రోజూ పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు. ఈ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. యంత్రానికి మాత్రమే తెలియదు.

డిసెంబరు 9న ఉదయం ఆరు ఇరవై నెల్లూరు బస్సుతో పరీక్ష ఆరంభమైంది. యంత్రం ఆరు పదికి ఒకసారి, ఆరు పదిహేనుకు ఒకసారి, ఏ ఉచ్చారణ దోషమూ లేకుండా పిలిచింది. రెండో పిలుపుకు నలుగురు పెద్దవారు, ఒక బాలింత ఎక్కారు. మిగిలిన ముప్పై మంది బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని, ఎంతో క్రమశిక్షణతో, మూడో పిలుపు కోసం కూర్చున్నారు. సరిగ్గా ఆరు ఇరవైకి డ్రైవరు పోలేరయ్య గారు సమయపాలన పాటించారు. బస్సు కదిలింది. బెంచీల మీద ఒక్కరూ కదల్లేదు.

నా కంప్యూటర్ తెర మీద అన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. మైకు ముట్టుకోకూడదన్న ఆదేశంతో మగ్దలీనమ్మ గారు గది మూల స్టూలు మీద కూర్చుని ఉన్నారు. బస్సు గేటు దాకా వెళ్ళింది. ఆవిడ లేచి స్విచ్చి వేశారు.

"పోలేరయ్యా, బండాపు. నెల్లూరు పొయ్యేవాళ్ళు లేవండి, మూడో తూరి చెప్తుండా."

ముప్పై మందీ ఒక్కసారే లేచారు.

బస్సు నిండి వెళ్ళిపోయాక ఆవిడ నా వైపు తిరిగారు. "ఏం మే ఫరీనూ, నీ మిషను రెండు తూర్లే చెప్పిందేంది?"

"స్పెసిఫికేషన్‌లో రెండే అని ఉంది మేడమ్."

"అది రాసినాయన యాడన్నా బస్సెక్కినాడా?"

మధ్యాహ్నం తిరిగి వచ్చిన పోలేరయ్య గారు నేరుగా మైకు గదికి వచ్చారు. "అమ్మా, మీరు నోరు మెదపకుండా ఉండుంటే వారంలో ఈ డబ్బాని ఊడబీక్కోని పొయ్యుండేవాళ్ళు. మీరు ఈడ్నే ఉండేవాళ్ళు గదా!"

"వాళ్ళు బస్సు కోసరం కూర్చోనుండారు అబ్బయా," అన్నారావిడ. "నా ట్రాన్స్‌ఫర్ ఆపేదానికి గాదు."

మరునాటి నుంచి పదకొండు మధ్యాహ్నాలు మగ్దలీనమ్మ గారు నా పక్కన కూర్చుని ఆ యంత్రానికి మన బస్టాండును నేర్పారు. శంఖంపాళెం బస్సుకు రెండో పిలుపుకూ మూడో పిలుపుకూ నడుమ తొమ్మిది నిమిషాలు ఉండాలి, ఎందుకంటే బుట్టలు వెనక సర్దాలి. నెల్లూరు ఆసుపత్రులకు వెళ్ళేవారు ఎక్కువగా ఉండే సోమ, గురువారాల్లో నెల్లూరు బస్సుకు ఆరు. ఆదివారం ఆరాధన వదిలాక వాకాడు బస్సుకు మొదటి పిలుపు ఐదు నిమిషాలు ముందే ఇవ్వాలి. శుక్రవారం నమాజు వేళకూ అంతే. వాన పడితే అన్నిటికీ రెండేసి నిమిషాలు కలపాలి. ఇవన్నీ ఆవిడ ఏ కాగితమూ చూడకుండా చెప్పారు. నేను టైపు చేశాను. మధ్యలో ఒకసారి, ప్రకటనలను ఆవిడ గొంతుతోనే రికార్డు చేస్తానన్నాను.

"వద్దు మే. మనిషి కోవూర్లో, గొంతు ఈడ. జనం దయ్యమనుకుంటారు."

నెల గడిచేసరికి ఒక్క ప్రయాణికుడూ బస్సు తప్పలేదు. నివేదికలో "సంతృప్తికరం" అని రాసినది నేను. అది నిజం కూడా. "రూపకల్పన చేసినవారు" అన్న గడిలో నా పేరు ముందే అచ్చయి వచ్చింది, రెండో పేరుకు చోటు లేదు. అక్కడ రాయలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను: ఈనాడు మన బస్టాండులో మోగుతున్న మూడు పిలుపులూ, వాటి నడుమ ఉన్న ప్రతి నిమిషమూ శ్రీమతి మగ్దలీనమ్మ గారివి.

2025 ఫిబ్రవరి ఒకటిన ఆవిడ కోవూరులో చేరారు. సమాధానం గారు కట్టిచ్చిన క్యారియరు పట్టుకుని, రోజూ ఆరు గంటలకల్లా మన బస్టాండుకే వచ్చి, అదే ఆరు ఇరవై బస్సు కోసం అందరితో పాటు బెంచీ మీద కూర్చునేవారు. పక్కన, నెల్లూరులో ఎండుచేపలు అమ్ముకునే ఆదిశేషమ్మ గారు. ఆమెకు డెబ్బై దాటి చాలా కాలమైంది. మగ్దలీనమ్మ గారికేమో మోకాళ్ళ నొప్పులు. రెండో పిలుపు వినబడగానే పోలేరయ్య గారు కిటికీలోంచి తల బయటపెట్టి కేకేసేవారు.

"అమ్మా, మీ పిలుపే, ఎక్కండి!"

"అది ముసలోళ్ళకి అబ్బయా," అనేవారు మగ్దలీనమ్మ గారు, పక్కకు చూస్తూ.

"నన్నెందుకు జూస్తావు?" అని ఆదిశేషమ్మ గారు తన వెనక్కి తిరిగి చూసేవారు. వెనక గోడ ఉంది.

ఇద్దరూ మూడో పిలుపుకే లేచేవారు. మూడు రోజులు నిలబడి ప్రయాణం చేశారని, నాలుగో రోజు నుంచి వారిద్దరి కోసం ముందరి సీటును కాలేజీ పిల్లలే ఖాళీగా వదిలేసేవారని కండక్టర్లు చెబుతారు. పిలుపుల పద్ధతిలో అది లేదు. ఆ పిల్లలకు దాన్ని ఎవరూ నేర్పలేదు.

డిపో ఉద్యోగులందరి వినతి మేరకు ఆవిడ తన సర్వీసులోని ఆఖరి వారాన్ని ఉప్పురేవులోనే గడిపేందుకు ఉత్తర్వులు వచ్చాయి. మైకు గది తాళం తీశాం. ఆవిడ లోపల కూర్చుని ఒక్క ప్రకటన కూడా చేయలేదు. యంత్రం పిలిచిన ప్రతిసారీ గోడ గడియారం చూసి తల ఊపారు. ఒక్కసారి మాత్రం, వాన పడిన బుధవారం నాడు, "రెండు నిమిషాలు కలిపినావా?" అని అడిగారు. కలిపాను.

రేపటి నుంచి శ్రీమతి మగ్దలీనమ్మ గారు ఏ బస్సుకూ పరుగెత్తనవసరం లేదు. గూడూరులో ఉంటున్న కుమార్తె మెర్లిన్ ఇంటికి వెళ్ళాలన్నా, చుట్టాల ఇళ్ళకు వెళ్ళాలన్నా, సమాధానం గారితో కలిసి మన బస్టాండుకే వస్తారు, మన బెంచీల మీదే కూర్చుంటారు. ఆ మోకాళ్ళు కుదుటపడాలని, కంటిచూపు, గొంతు ఇలాగే నిలవాలని, రెండో పిలుపు వినబడినప్పుడల్లా అది ఎవరికోనని ఆవిడ చుట్టూ చూస్తూ ఉండాలని, ఇంకా ముప్పై ఏళ్ళ తరువాత కూడా మూడో పిలుపుకే లేవాలని మన డిపో కుటుంబం తరఫున మనసారా కోరుకుంటున్నాను.

ఫరీన్
కంప్యూటర్ విభాగం, ఉప్పురేవు డిపో