పోలిక దొరకలేదు

బట్టలసబ్బు పొడి కంపెనీలో మేడ మీద అక్క కంప్యూటర్ గది. తమ్ముడు కింద పొడి కలిపే షెడ్డులో పనిచేస్తాడు. మధ్యాహ్నం విరామం.

"తిన్నావా అని అడిగితే తెర చూపిస్తావేంటక్కా?"

"తింటాలే. ముందిది చూడు. ఈ అక్షరాల వరసలన్నీ బాక్టీరియా చేసే ఎంజైములు. చన్నీళ్ళలో నూనె మరక వదిలించేది ఏదో తేల్చమన్నారు. పోల్చి పోల్చి బుర్ర వాచిపోయింది."

"తేలిందా?"

"తేలింది. పదకొండోది. దీని దరిదాపుల్లోకి ఇంకోటి రాదు. సాయంత్రం పెద్దసారుకి పంపాలి."

"పంపు మరి."

"దాని కింద వరస ఉంది చూశావా, అది ఇప్పుడు మీరు కలుపుతున్న పాతది. షెడ్డులో అమ్మ కలిపిందీ అదే. ఎర్రగా ఉన్నచోటల్లా రెండూ ఒకటే."

"అంతా ఎరుపేగా."

"అందుకే నిన్ను పిలిచాను."

"ముందు తినక్కా."

"దీని గురించి ఏదో ఒకటి అనరా."

"ఏమనను? అమ్మ పోయింది. పాతదాన్ని ఎలాగూ మానేస్తున్నారు."

"మానేసేది చన్నీళ్ళలో పనిచేయదని. అమ్మ దగ్గీ దగ్గీ పోయిందని కాదు. కొత్తది దానికంటే గట్టిది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే మీ పని."

"మనిషికి పడుతుందో లేదో కంప్యూటరే చెబుతుందన్నావు?"

"పడవని ఇంతవరకూ తేలినవన్నీ ఒకచోట పెట్టుంటాయి. వాటితో పోల్చి చూస్తుంది. చూసింది. పోలిక దొరకలేదంది. అంటే భయం లేదనే లెక్క."

"మరి పాతది?"

"అందులో లేదు. పడలేదని ఎవరో ఒకరు చెబితేగా ఎక్కేది."

"అడగందే అమ్మైనా పెట్టదు. చెప్పందే కంప్యూటర్‌కి మాత్రం ఏం తెలుస్తుందిలే."

"డాక్టర్ అడిగిన ప్రతిసారీ అమ్మ ఏమంది?"

"చిన్నప్పట్నుంచీ ఉందండీ అంది."

"పక్కనే నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను."

"షెడ్డు పేరెత్తితే పనిలోంచి తీసేస్తారని ఆవిడ భయం ఆవిడది."

"నాకు ఏడుపు కూడా రావట్లేదురా. వస్తాను, కూర్చుంటాను, ఈ ఎరుపు చూస్తాను, ఇంటికెళ్తాను."

"నేనూ అంతే. బస్తా ఎత్తుతాను, పోస్తాను."

"నీకు బాగానే ఉంది కదా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. పెద్దసారుకి చెప్పావా?"

"చెప్పాను. అక్షరాలు కలిస్తే రోగాలు కూడా కలుస్తాయా అమ్మాయ్ అన్నాడు. రుజువు తెమ్మన్నాడు."

"రుజువంటే?"

"పాతపొడి పడని మనిషి రక్తం. వాళ్ళకి కొత్తదీ పడదని పరీక్షలో తేలిపోతుంది. ఒక్కరిది చాలు, పదకొండోది ఆగుతుంది. అమ్మ రక్తం ఇప్పుడెక్కణ్ణుంచి తేను?"

"హూఁ."

"షెడ్డులో ఇంకెవరైనా దగ్గుతున్నారా? అడిగి చూడరా."

"అడిగితే చెబుతారా? ఇళ్ళు గడవద్దూ?"

"ఒక్కరు, ఒకే ఒక్కరు."

"ఆ ఒక్కడి పని?"

"పోతుంది. నీ దగ్గర అబద్ధమెందుకు."

"ఇంకో షెడ్డులోకి మారుస్తారేమో."

"ఎక్కడికెళ్ళినా పొడేగా. పెట్టుకోరు."

"వాడికీ పెళ్ళాం పిల్లలుంటారుగా అక్కా."

"ఉంటారు."

"పంపకపోతే?"

"నేను పంపకపోతే ఇంకొకరు పంపుతారు. వాళ్ళ కంప్యూటర్ కూడా పోలిక దొరకలేదనే అంటుంది."

"అంతేనంటావు."

"అంతే."

"సరే."

"ఏంట్రా సరే? ఎవరైనా ఉన్నారా?"

"ఎడం చేతినుంచి తీయమను. దగ్గు సంగతి మాత్రం నీ మరదలికి నువ్వే చెప్పాలి."