పదిహేనో గొట్టం అతుకు

నా పేరు కొల్లిపర ప్రసన్నకుమార్. తండ్రి పేరు కీ.శే. మల్లేశ్వరరావు. వయస్సు 54 సంవత్సరాలు. ఆబిడ్స్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ ల్యాబ్ అటెండరుగా ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నాంపల్లి రైల్వే స్టేషను దగ్గరి సందులో, గోపాలరావు గారి మూడంతస్తుల ఇంట్లో, రెండో అంతస్తులో కిరాయికి ఉంటున్నాను. చదవడం, రాయడం వచ్చు.

ఈ రోజు తేది 2-5-2025, శుక్రవారం. ఉదయం 10.20 గంటలకు నా అంతట నేనే పోలీసు స్టేషనుకు వచ్చి ఎస్.ఐ. గారి ఎదుట ఈ విషయాలు చెబుతున్నాను. కూర్చోమన్నారు. నిలబడే చెబుతానన్నాను. గత నెల 27న కంటి దవాఖానలో హెడ్ కానిస్టేబుల్ గారికి నేనొక వాంగ్మూలం ఇచ్చి ఉన్నాను. అందులో ఒక మాట అబద్ధం. అదేదో వరసలో చెబుతాను.

మా ఇంట్లో ఆరు కుటుంబాలు ఉంటాయి. స్నానాల గదులు మూడు. మొదటి అంతస్తులో రాజమల్లు, ఆయన భార్య జంగమ్మ ఉంటారు. రాజమల్లు బేగం బజార్‌లో ఒక కిరాణా గోదాములో బస్తాలు మోస్తాడు. ఈ ఏడాది జనవరి 7, మంగళవారం, ఉదయం 6.10కి జంగమ్మ బకెట్‌లో ఇమ్మర్షన్ రాడ్ ఉండగానే నీళ్లు కాగాయో లేదో అని చెయ్యి పెట్టింది. కరెంటు కొట్టింది. రాజమల్లు ప్లగ్గు పీకాడు కాబట్టి బతికింది. కుడిచేతి రెండు వేళ్లకు ఇప్పటికీ స్పర్శ లేదు. ఆ వారమే గోపాలరావు గారు ఇంట్లో ఎవరూ రాడ్లు, గీజర్లు వాడకూడదని మెట్ల దగ్గర కాగితం అంటించారు. ఇంటి వైరింగు పాతది. ఆయన్ను తప్పు పట్టడం లేదు.

జంగమ్మ చన్నీళ్లే పోసుకునేది. నాకు మెట్ల మీద ఎదురుపడినప్పుడల్లా ఆ చేతిని కొంగులో చుట్టుకుని ఉండేది. ఒకరోజు, "సల్లనీళ్లు పోస్కుంటే చెయ్యి ఇంక మొద్దు వడ్తుంది సారూ" అంది. ఆ పూట నేను కాలేజీకి వెళ్లి ల్యాబ్ బీరువాలోంచి హీట్ పైపు తీసి చూశాను.

అది ఒక రాగి గొట్టం. లోపల గాలి లేకుండా చేసి, కొంచెం నీళ్లు ఉంచి, రెండు కొసలూ మూసేస్తారు. కింది కొస వేడెక్కితే నీళ్లు ఆవిరై పైకి పోతాయి. పై కొస దగ్గర వేడి వదిలి మళ్లీ నీళ్లై కిందికి జారతాయి. ఏటా పిల్లలకు చూపిస్తారు. పాఠం లెక్చరర్లు చెబుతారు. గొట్టం నేను పట్టుకుంటాను. ఇరవై తొమ్మిదేళ్లు నేనే పట్టుకున్నాను.

ఇలాంటి గొట్టాలు పదహారు చేసి, నల్లరంగు వేసిన చెక్కపెట్టెలో ఏటవాలుగా పేర్చి, పైన అద్దం వేసి, గొట్టాల తలలు స్టీలు డ్రమ్ములోకి దూర్చితే ఎండకు నీళ్లు కాగుతాయని నాకు తెలుసు. కరెంటుతో పని లేదు. ఎవరికీ షాకు కొట్టదు. గోపాలరావు గారు డాబా మీద చోటు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. డ్రమ్ము బేగం బజార్‌లో, అద్దం ఉస్మాన్‌గంజ్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో తెచ్చాను.

రాగి అతకడం నాకు రాదు. అందుకని ఎల్లేష్‌ను అడిగాను. ఎల్లేష్‌కు 36 ఏళ్లు. ఆబిడ్స్‌లో మా కాలేజీ వెనక గల్లీలో ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేసే షాపు. భార్య పేరు నవత. మా ల్యాబ్ ఫ్రిజ్ పదేళ్లుగా అతనే చూస్తున్నాడు. నేను చెప్పింది విని, "నీళ్లు గాగితే నాకేం ఇయ్యకున్రి సార్. జంగమ్మతోటి ఒక్కసారి చాయ్ తాగిపియ్యున్రి" అన్నాడు. ఫిబ్రవరిలో, మార్చి మొదట్లో ఆదివారాలన్నీ మా డాబా మీదే గడిపాడు. గొట్టం కొసను ఎర్రగా కాల్చి, అతుకు రాడ్డు కరిగించి మూత అతికేవాడు. దాన్ని బ్రేజింగ్ అంటారు. ఒక్కో గొట్టాన్ని వేడినీళ్ల మగ్గులో నిలబెట్టి పరీక్షించేవాళ్లం. జంగమ్మ పై కొస పట్టుకుని వెంటనే వదిలేసేది. "గిదేంది సారూ, కింద ముంచితే మీద కాల్తుంది" అని మళ్లీ పట్టుకునేది.

మార్చి 9, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలకు పద్నాలుగు గొట్టాలు పూర్తయ్యాయి. ఎల్లేష్ దగ్గర గ్యాసు అయిపోయింది. "రెండే ఉన్నయి గద సార్. మంగళారం వచ్చి పెడ్త" అని చెప్పి వెళ్లాడు.

పద్నాలుగు గొట్టాలతో కూడా నీళ్లు కాగేవి. ఈ మాట నేను గట్టిగా చెప్పాలి. పద్నాలుగుతో కూడా కాగేవి. కానీ సోమవారం నుంచి వేడినీళ్లు వస్తాయని ఇంట్లో అందరికీ చెప్పేశాను. పెట్టెలో రెండు గొట్టాల చోటు ఖాళీగా కనబడుతోంది. కిందికి దిగాను. మళ్లీ ఎక్కాను. అలా నాలుగుసార్లు దిగి ఎక్కాను. మా ఆవిడ దివ్యశ్రీ, "ఏమండీ, కాసేపు ఒకచోట కూర్చోరా" అంది. కూర్చోలేకపోయాను. నాలుగున్నరకు ఇంట్లో ఉన్న చిన్న మంట టార్చి, ల్యాబులో వాడే సోల్డరింగ్ తీగ పట్టుకుని పైకి వెళ్లాను. పదిహేను, పదహారు నంబరు గొట్టాలకు కింది మూతలు సోల్డరుతో నేనే అతికాను. లోపల కొంచెం నీళ్లు పోసి మరిగించి, గాలి పోగానే పై కొసలు నొక్కి, వాటికీ సోల్డరే పెట్టాను.

సోల్డరు తక్కువ వేడికే మెత్తబడుతుందని నాకు తెలుసు. ఆ సంగతి తెలియాల్సిన ఉద్యోగమే నాది. డ్రమ్ములో నీళ్లున్నంతసేపు గొట్టం అంత కాగదు కదా అనుకున్నాను.

బ్రేజింగ్ అతుకు రాగి రంగులో ఉంటుంది. సోల్డరు వెండిలా మెరుస్తుంది. అందుకని ఆ అతుకుల మీద నల్లరంగు వేశాను. రంగు ఎందుకు వేశావని ఎస్.ఐ. గారు అడిగారు. ఎల్లేష్‌కు కనబడకూడదని వేశాను.

మంగళవారం ఎల్లేష్ వచ్చేసరికి పెట్టె మీద అద్దం బిగించి ఉంది. "ఇంక రెండు?" అన్నాడు. కాలేజీలో తెలిసినవాళ్లతో వేయించానని చెప్పాను. అప్పటికి తలూపాడు. ఆ తర్వాత ఆ సంగతి అతను మరిచిపోయాడని అనుకుంటున్నాను. మిగతా పని అంతా అతనిదే మరి.

నలభై ఎనిమిది రోజులు నీళ్లు కాగాయి. జంగమ్మ రోజూ సాయంత్రం ఏడు గంటలకు స్నానం చేసేది. ఎల్లేష్‌కు రెండుసార్లు చాయ్ ఇచ్చింది. నేను మాత్రం కాలేజీకి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి డాబా ఎక్కి చివరి రెండు గొట్టాల కింది కొసలను అద్దంలోంచి తొంగి చూసేవాణ్ణి. సెలవు రోజుల్లో గంటకోసారి ఎక్కేవాణ్ణి. ఎందుకని ఎవరైనా అడిగితే పావురాలని చెప్పేవాణ్ణి.

ఏప్రిల్ 26, శనివారం సాయంత్రం నల్లా నీళ్లు రాలేదు. ఆదివారం పొద్దుటికి ఇంటి ట్యాంకు అడుగంటింది. ఉన్న వేడినీళ్లు కూడా అందరూ పట్టేసుకున్నారు. డ్రమ్ము ఖాళీ అయింది. ఖాళీ డ్రమ్ముకు గొట్టాల వేడి తీసుకునే దారి ఉండదు. ఎండ మాత్రం ఆగదు. పది గంటలకు ఎక్కి చూశాను. పదిన్నరకు చూశాను. పదకొండుకు చూశాను. 11.20కి పెట్టె కింది వైపు నుంచి టిక్, టిక్ అని చప్పుడు వినిపించింది. చివరి గొట్టాల దగ్గరే.

తీగ మీద జంగమ్మ దుప్పటి ఆరేసి ఉంది. దాన్ని తీసి అద్దం మీద కప్పితే చాలు. నాకు ఆ సంగతి అప్పుడే తెలుసు. దుప్పటి దాకా వెళ్లాను కూడా. కప్పలేదు. ఎల్లేష్‌కు ఫోన్ చేశాను. ఏమీ కాదని అతని నోటి నుంచి వినాలని చేశాను. అంతకంటే వేరే కారణం లేదు.

అతను 11.50కి వచ్చాడు. హెల్మెట్ తీసి గోడ మీద పెట్టాడు.

"ఏ పైపు సార్?"

"చివరన. చప్పుడొస్తోంది."

"నేను పెట్టిన అతుకు ఊడది సార్. ఫికర్ జెయ్యకున్రి."

ఆ మాట అన్నప్పుడు మా ఇద్దరి మధ్య మూడడుగుల దూరం ఉంది. అది నీది కాదు, నాది అని చెప్పడానికి సమయం ఉంది. అతను స్క్రూలు విప్పుతున్నాడు. నాలుగు స్క్రూలు. ఒక్కోదానికి అర నిమిషం పట్టింది. నాలుగూ విప్పేదాకా నేను పక్కనే నిలబడి ఉన్నాను. "జర ఈ కొస పట్టున్రి సార్" అంటే అద్దం కొస పట్టుకున్నాను. అద్దం పక్కన పెట్టి, అతను కింది మూతల దగ్గరకు వంగాడు.

పెద్ద చప్పుడు కాలేదు. ప్రెషర్ కుక్కర్ విజిల్ మొదలై ఆగినట్టు వినిపించింది. పదిహేనో గొట్టం మూత ఊడి అతని ఎడమ కంటికి తగిలింది. ఆవిరి చెంప మీద కొట్టింది. అతను అరవలేదు. "సార్, ఏమైంది?" అని రెండుసార్లు అడిగాడు. ట్యాంకులో నీళ్లు చూడటానికి పైకి వచ్చిన రాజమల్లు అతన్ని ఎత్తుకుని మూడంతస్తులు దింపాడు. ఆటోలో కంటి దవాఖానకు వెళ్లేసరికి 12.35 అయింది.

సాయంత్రం ఆరు గంటలకు హెడ్ కానిస్టేబుల్ గారు వచ్చి అడిగారు. అతుకులన్నీ ఎల్లేషే వేశాడని చెప్పాను. అబద్ధం అదే. ఎల్లేష్ కూడా మంచం మీద నుంచి, "నా అతుకే పోయింది. సార్ తప్పు లేదు" అని చెప్పాడట. నన్ను కాపాడాలని కాదు. అతను నిజంగా అలాగే అనుకున్నాడు.

ఏప్రిల్ 30, బుధవారం, షాపు సంగతి చూసి రమ్మని నవత తాళం ఇస్తే వెళ్లాను. అక్కడ ఇద్దరు మనుషులు తమ ఫ్రిజ్‌లు తీసుకుపోవడానికి నిలబడి ఉన్నారు. ఒకాయన హిమాయత్‌నగర్ నుంచి వచ్చాడు. "ఆయన వెల్డింగే ఆగలేదట గద. మా ఫ్రిజ్ వేరే దగ్గర చేపిచ్చుకుంటం" అన్నాడు. ఇంకా పెళ్లిళ్ల సీజను. ఎండాకాలం. ఆ షాపుకు పని దొరికే నెలలు ఇవే. నేను తాళం తీసి ఆ ఫ్రిజ్ నా చేతులతోనే ట్రాలీ ఎక్కించాను. ఇంటికి పోకుండా ఆబిడ్స్ నుంచి నాంపల్లికి, నాంపల్లి నుంచి మళ్లీ ఆబిడ్స్‌కు నడుస్తూ ఉండిపోయాను.

నిన్న, మే 1, సాయంత్రం నాలుగు గంటలకు దవాఖానకు వెళ్లి ఎల్లేష్‌కు మొత్తం చెప్పాను. సోల్డరు సంగతి, రంగు సంగతి, దుప్పటి సంగతి చెప్పాను. నవత మంచం అవతల నిలబడి ఉంది. ఎడమ కన్ను వెలుతురును పడుతుంది కానీ మనిషిని పోల్చుకోలేదని డాక్టరు చెప్పినట్టు ఆమె అంతకుముందే చెప్పింది.

ఎల్లేష్, "గ్యాసు తెచ్చుకుంటే గంట పని సార్. ఒక్క ఫోన్ చేస్తే ఆ రాత్రికైనా వచ్చెటోన్ని" అన్నాడు.

"నాకు తెలుసు" అన్నాను.

"ఐదు దినాల సంది పండుకుని ఒకటే లెక్క పెడ్తున్న. ఏ కాడ తప్పు జేసిన, రాడ్డు తక్కువ కరిగిందా, మంట తక్కువైందా అని. నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది."

నవత ఏడవలేదు. "సార్, మీరు ఇంక గీడికి రాకున్రి" అంది. నేను లేచాను. తలుపు దాకా వచ్చాక ఎల్లేష్ పిలిచాడు.

"స్టేషన్‌ల చెప్తరా?"

"చెబుతాను."

"చెప్తే సరిగ్గ చెప్పున్రి. నేను పెట్టినయి పద్నాలుగు. ఆ ఎండకు ఒక్కటి గూడ ఊడలే. అది రాపియ్యున్రి."

ఈ ఉదయం ఏడు గంటలకు డాబా మీదికి వెళ్లి చూశాను. ఎల్లేష్ అతికిన పద్నాలుగు గొట్టాలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని విప్పలేదు. స్టేషను వారు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. పదహారో గొట్టం కూడా నేను అతికిందే కాబట్టి ఊడదీసి, ఊడిన పదిహేనో దానితో కలిపి ఇక్కడికి తెచ్చి ఎస్.ఐ. గారి బల్ల మీద పెట్టాను. గీకితే రంగు కింద సోల్డరు కనబడుతుంది.

పైన రాసిన విషయాలు నేను చెప్పినవే. ఎవరి బలవంతమూ లేదు, ఎవరూ నాకు ఏమీ ఆశ చూపలేదు. నాకు చదివి వినిపించారు. వినేటప్పుడు ఒకచోట ఆపమన్నాను. ఫారం పైభాగంలో ప్రమాదానికి కారణం అన్న చోట, ఇది రాసుకున్న స్టేషను రైటర్ గారు అలవాటు కొద్దీ "మెకానిక్ లోపం" అని రాశారు. ఆ రెండు మాటలు కొట్టివేయించి, "నా లోపం" అని రాయించి, పక్కన పొట్టి సంతకం చేశాను. ఇప్పుడిది మొత్తం నిజం.

(సం.) కొల్లిపర ప్రసన్నకుమార్
2-5-2025, మధ్యాహ్నం 12.05
నా ఎదుట నమోదు చేయబడినది. దిద్దుబాటు ఒకటి.
(సం.) సబ్ ఇన్‌స్పెక్టర్