బారువ సముద్రాన్ని కుదించిన సాఫ్ట్‌వేర్

చిన్నారావు గొంతు పోయి ఏడాది దాటింది. ఒకప్పుడు ఆయన తప్పెటగుళ్లు గుండెల మీద కట్టి వాయిస్తూ పాడితే పక్క ఊరు కూడా లేచి కూర్చునేది. గొంతుకి ఆపరేషన్ అయ్యాక గుసగుస తప్ప ఏమీ పైకి రావడం లేదు. నలుగురిలో ఆ గుసగుసకి సిగ్గుపడి మాట్లాడటమే మానేశాడు.

ఆయన పాట మిగిలింది ఒక్క క్యాసెట్‌లోనే. టేప్‌రికార్డర్ దాన్ని నమిలేసేలోగా కొడుకు పోలారావు కాశీబుగ్గ షాపులో ఇచ్చి, పాటను ఇంటి కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆ ఫైలేమో మహా పెద్దది. తండ్రి తలగడ పక్కన ఉంచుదామని కొన్న చిన్న ఎంపీత్రీ ప్లేయర్ దాన్ని తీసుకోలేదు. ఫైలును కుదించి మార్చాలన్నారు షాపువాళ్లు. మార్చే సాఫ్ట్‌వేర్లు రెండు తెచ్చి చూశాడు. ఒకటి పాటను సగంలో కోసేసింది. రెండోది పాట మధ్యలో ఎవరో ఇంగ్లీషు ఆడమనిషి గొంతు దూర్చింది, నన్ను కొనుక్కోండని.

అందుకే టెక్కలి నుంచి మేనత్త కొడుకు ఎల్లాజీని పిలిపించాడు. ఎల్లాజీ కంప్యూటర్ పత్రికతో ఊరికే వచ్చిన సీడీ తెచ్చి, అందులోని సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పాటను దానికి అప్పగించాడు. తెర మీద పని ఎంతయిందో చూపే పచ్చగీత నత్తలా కదులుతుంటే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఇది కూడా కోసేత్తాదేటి బావా?" అన్నాడు పోలారావు, గదిలోని తెర మీంచి చూపు తిప్పకుండా.

"కోత్తాదా? ఊరికే ఏరినాననుకున్నావేటి? మొదట ఒకటి ఏసి సూసినాను. పాట వొచ్చింది గానీ తప్పెట పోనాది. ఇంకోటి ఏత్తే తప్పెట వొచ్చింది, పాడినోడు పోనాడు. మూడోది సూడాల, పెట్టెడు పాటలిత్తే మింగేసి తేన్చింది. ఆ తర్వాత ఏటయిందో తెలుసా?"

"సెప్పన్నయ్యా," అంది పోలారావు భార్య దమయంతి, టీ గ్లాసులు అందిస్తూ.

"అప్పుడు దొరికింది ఇది. పరీచ్చ సెయ్యాల గదా, బారువ పోయి సముద్రం హోరు రికాడ్డు సేసి దీన్లో ఏసినాను. హోరంతా చిన్న ఫైలైపోనాది. తెల్లారి బారువలో కెరటం లేదు. పడవలోళ్లు తెడ్లు ఒళ్లో ఎట్టుకుని కూకున్నారట. ఆకరికి మా ఇంటికొచ్చి, 'బాబూ, మా సముద్రం మాకిచ్చీ' అన్నారు. పాపమని ఎనక్కి మార్చి వదిలినాను. ఒకటే కెరటం, అక్కుపల్లి దాకా ఒడ్డంతా సేపలు. తీరా సూత్తే అన్నీ ఎండుసేపలే. కుదించినప్పుడు నీరు పోనాది మరి."

"ఉప్పు కూడా అదే రాసిందేటన్నయ్యా?"

"రాసింది గానీ కొంచెం తక్కువైనాది," అన్నాడు ఎల్లాజీ ఏమాత్రం తడుముకోకుండా.

లోపల గీత చివరికంటా నిండింది. పోలారావు గబగబా వెళ్లి పాట పెట్టాడు. తప్పెట మోగింది. తండ్రి గొంతు లేచింది. ఇంతకు ముందు తెగిపోయిన చోటు దగ్గర పడేసరికి పోలారావు స్పీకరు దగ్గరికి వంగాడు. పాట ఆ చోటు దాటింది, ఎవరి గొంతూ మధ్యలో దూరలేదు, చివరి చరణం దాకా నడిచి మెల్లగా ఆగింది. గుమ్మంలో కూర్చుని వింటున్న చిన్నారావు కళ్లు తుడుచుకున్నాడు.

"సూసినావా? దేశంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ సెవిలో ఎట్టుకుని, ఇని ఇని ఏరినాను," ఎల్లాజీ అందుకున్నాడు.

అప్పుడు చిన్నారావు నోరు తెరిచాడు. గుసగుసే అయినా అందరికీ వినబడింది. "ఒరే అల్లుడా, మీ కంప్యూటరికి స్పీకర్లే కొన్లేదని మొన్న మీ ఆవిడ సెప్పింది. ఏటిని ఏరినావురా?"

దమయంతి పక్కున నవ్వింది. పోలారావు నవ్వలేదు. ఇంతమందిలో నాన్న అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

ఎల్లాజీ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇన్లేదు మావా. ఒక్కటీ ఇన్లేదు. పచ్చగీత ఆకరిదాకా ఎల్లినదాన్ని ఏరినాను." గుమ్మం దగ్గరికి జరిగి కూర్చున్నాడు. "ఇక్కడ ఇందామనే గదా ఇంత దూరం వొచ్చినాను. మళ్లీ ఎయ్యమను మావా, సరిగ్గా ఇంటాను."